పెద్ద పైపు వేసినా అదే మ్యాన్‌హోల్ పొంగుతోంది, ఎందుకు?

రామంతాపూర్_గల్లీ | జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ రామంతాపూర్‌లో ఒక పాత కాలనీ. మా గల్లీలో ఆరు మ్యాన్‌హోళ్లు ఉన్నాయి, నాలుగోది సరిగ్గా మా గేటు ముందు. ఏడాదిన్నరగా ప్రతి ఇరవై రోజులకోసారి అది పొంగుతోంది. ఫిర్యాదు చేస్తే పైపులోకి జోరుగా నీళ్లు చిమ్మే జెట్టింగ్ బండి వస్తుంది, గంటసేపు కొడతారు, నీళ్లు సర్రున వెళ్లిపోతాయి. మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ మొదలు. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించాలంటే ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ పోవాలి. మా అత్తయ్యకు 78 ఏళ్లు. ఆమె గేటు దాటి నెల అయింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. రెండేళ్ల కింద పాత 150 మి.మీ. పైపు వదిలేసి, ఒక కాంట్రాక్టరు చేత రోడ్డుకు ఇవతలి పక్క కొత్తగా 300 మి.మీ. లైను వేయించాం. ఇంటింటికీ డబ్బు వేసుకున్నాం. పాత పైపు ఉన్నప్పుడు ఏడాదికి ఒకటి రెండు సార్లే ఇబ్బంది పడేవాళ్లం. ఇప్పుడు సంఘంలో కొందరు 300 కూడా చాలలేదు, 450 వేయిద్దాం అంటున్నారు. వచ్చే ఆదివారం మీటింగ్. తెలిసినవాళ్లు చెప్పండి.

మలక్‌పేట_టిఫిన్స్ | జూన్ 9, రాత్రి 10:05

అక్కా, 450 వేయించేయండి. పైపు ఎంత పెద్దదైతే అంత నిశ్చింత. ఒక్కసారి ఖర్చు, జీవితాంతం టెన్షన్ ఉండదు.

రిటైర్డ్_ఏఈ | జూన్ 9, రాత్రి 11:20

అమ్మా, ఆ 450 మాట ఆదివారం మీటింగులో పడనివ్వకండి. ముప్పై ఏళ్లు ప్రజారోగ్య ఇంజినీరింగులోనే గడిపాను. పెద్ద పైపు వేశాక పూడిక పెరిగిన గల్లీలు చాలా చూశాను.

మురుగు పైపు తనలోకి వచ్చిన ఇసుకను, మట్టిని తానే తోసుకుపోవాలి. ఆ పని చేసేది నీటి వేగం. కేంద్ర ప్రభుత్వ సీవరేజీ మాన్యువల్ ప్రకారం మొదట్లో, అంటే ఇళ్లు ఇంకా నిండని రోజుల్లో కూడా, రోజులో ఎక్కువ నీళ్లు వచ్చే వేళకు వేగం సెకనుకు 0.6 మీటర్లు ఉండాలి. జనాభా పూర్తిగా నిండాక 0.8 ఉండాలి. పైన 3 మీటర్లు దాటకూడదు, దాటితే ఇసుక రాసుకుని పైపు అడుగే అరిగిపోతుంది.

మీ గల్లీ లెక్క వేద్దాం. గల్లీలో 160 కుటుంబాలు ఉన్నాయని, ఇంటికి నలుగురని అనుకోండి, 640 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు సరఫరా, అందులో 80 శాతం మురుగుగా వస్తుందని మాన్యువల్ లెక్క. సగటున సెకనుకు 0.8 లీటరు అవుతుంది. పొద్దున అందరూ ఒకేసారి స్నానాలు చేసే వేళ దానికి మూడు రెట్లు, అంటే 2.4 లీటర్లు. అంతే. 150 మి.మీ. పైపు 200కి 1 వాలులో, అంటే 200 మీటర్లకు ఒక మీటరు దిగేలా పడి ఉంటే నిండా పారినప్పుడు సెకనుకు పది లీటర్లకు పైగా మోస్తుంది. కాబట్టి మీ పాత పైపు చాలకపోవడం అన్నదే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పైపు పెద్దదైతే వాలు తక్కువైనా చాలు అని పట్టికలో ఉంటుంది. 150 మి.మీ. పైపులో 0.6 వేగం రావడానికి సుమారు 200కి 1 వాలు కావాలి. 300 మి.మీ. పైపుకైతే 520కి 1 సరిపోతుంది. తవ్వకం తగ్గుతుంది కదా అని చాలామంది పెద్ద పైపును చదునుగా పడుకోబెట్టేస్తారు. కానీ ఆ పట్టిక పైపు నిండా, లేదా కనీసం సగం దాకా పారుతున్నప్పటి మాట. మీ 2.4 లీటర్లు 300 పైపులో అడుగున రెండంగుళాలు కూడా ఎక్కవు. అప్పుడు వేగం 0.3 దగ్గరే ఆగిపోతుంది. అవే నీళ్లు పాత 150 పైపులో దాదాపు 0.5తో పరిగెత్తేవి. 450 వేస్తే నీళ్లు ఇంకా పలచగా పరుచుకుంటాయి.

డబ్బు ఖర్చు పెట్టేముందు లెవెల్స్ చూడాలి. ఎక్కడ వాలు ఉంది, ఎక్కడ లేదు అన్నది తెలియకుండా ఏ పైపు మాటా మాట్లాడవద్దు.

మలక్‌పేట_టిఫిన్స్ | జూన్ 10, ఉదయం 6:15

సార్, నేను తెలియక చెప్పాను. పైపు పెద్దదైతే నీళ్లు నెమ్మదిస్తాయని ఎప్పుడూ అనుకోలేదు. చెప్పినందుకు థాంక్స్.

జెట్టింగ్_అన్న | జూన్ 10, మధ్యాహ్నం 1:30

నేను ఎనిమిదేళ్లుగా జెట్టింగ్ బండి మీద పనిచేస్తున్నాను. అక్కా, మీ దగ్గరికి బండి వచ్చినప్పుడు లోపలి నుంచి ఏం బయటికొచ్చింది? ఎవరైనా చూశారా? మేం ముందు చూసేది అదే. తెల్లగా, సబ్బులా గడ్డలు వస్తే అది నూనె. గుడ్డలు, ప్యాడ్లు, వైప్స్ చుట్టుకుని తాడులా వస్తే ఇళ్లలో నుంచి వచ్చింది. బరబరలాడే బూడిద రంగు ఇసుక వస్తే దగ్గర్లో ఇల్లు కడుతున్నారు. నల్లగా జారిపోయే బురద, ముక్కు పగిలే వాసన వస్తే నీళ్లు చాలా రోజులుగా నిలబడి ఉన్నట్టు.

ఇంకో మాట. జెట్ నాజిల్‌కు రంధ్రాలు వెనక్కి ఉంటాయి. నీళ్లు వెనక్కి కొడుతుంటే జెట్ గొట్టం ముందుకు పాకుతుంది, వెనక్కి లాగేటప్పుడు సిల్ట్‌ను, అంటే పూడికను ఈడ్చుకొస్తుంది. అందుకే కింది మ్యాన్‌హోల్ నుంచి పైకి కొట్టాలి, ఈడ్చుకొచ్చిన సిల్ట్‌ను అక్కడే పైకి తీసేయాలి. తీయకుండా పోనిస్తే నీళ్లు కదులుతాయి, జనం సంతోషపడతారు, ఇసుక మాత్రం ఇంకో ఇరవై మీటర్లు కిందికి పోయి కూర్చుంటుంది.

రామంతాపూర్_గల్లీ | జూన్ 10, రాత్రి 8:50

అన్నా, చూశాను. బూడిద రంగు ఇసుక, దాని మీద నల్ల బురద. రెండూ ఉన్నాయి. వాసన రెండు రోజులు ఇంట్లోనుంచి పోలేదు. తీసినదాన్ని రోడ్డు పక్కనే కుప్ప పోశారు. మర్నాడు వాన పడితే సగం మళ్లీ లోపలికే పోయింది.

సార్, లెవెల్స్ ఎలా చూడాలి? సర్వే చేసేవాళ్లను పిలవాలా?

మణికొండ_మేస్త్రీ | జూన్ 10, రాత్రి 9:30

సర్వే అక్కర్లేదమ్మా. మేం స్లాబ్‌కు వాడే లెవెల్ పైపు చాలు. తెల్లటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి, రెండు చివరలూ పట్టుకుంటే నీటి మట్టం రెండు పక్కలా ఒకటే ఉంటుంది. మధ్యలో గాలి బుడగ ఉండకూడదు, ఉంటే మొత్తం తప్పు వస్తుంది. మీ గేటు మెట్టు మీద ఒక గీత గీయండి. ఆ గీత మట్టాన్ని ప్రతి మ్యాన్‌హోల్ దగ్గరికీ తీసుకుపోండి. అక్కడి నుంచి కిందికి, పైపు అడుగు దాకా కర్రతో కొలవండి. ఆరు కొలతలు. ఇద్దరు మనుషులు, రెండు గంటల పని. వాటం ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

బూడిద రంగు ఇసుక అన్నారు కదా, అది రోబో శాండ్. బండను పగలగొట్టి చేసింది. నది ఇసుకలా గుండ్రంగా ఉండదు, అంచులు పదునుగా ఉంటాయి, ఒకదానికొకటి పట్టుకుంటాయి. సిమెంటు పాలు కలిస్తే ఇంకేముంది, లోపల గచ్చు పోసినట్టు అవుతుంది. మీ గల్లీలో కన్‌స్ట్రక్షన్ ఏదైనా నడుస్తోందా?

రిటైర్డ్_ఏఈ | జూన్ 10, రాత్రి 9:55

మేస్త్రీ గారు చెప్పినట్టే చేయండి. ఒక్క జాగ్రత్త: మూతలు మీరు తీయవద్దు. మ్యాన్‌హోల్ మూత సొంతంగా తెరవడం 1989 నాటి జలమండలి చట్టం ప్రకారం నేరం, పైగా ప్రమాదం. 155313కి ఫిర్యాదు చేయండి, సిబ్బంది వచ్చి సిల్ట్ తీసి మూత తెరిచి ఉన్నప్పుడు వాళ్ల ఎదుటే పైనుంచి కర్ర దించి కొలవండి. ఎవరూ కిందికి దిగకూడదు.

కాప్రా_నుంచి | జూన్ 11, ఉదయం 7:40

ఇంత తతంగం దేనికండీ. మా దగ్గర ఇద్దరు మనుషులు ఉన్నారు, కొంచెం డబ్బిస్తే లోపలికి దిగి బకెట్లతో తీసేస్తారు. చేత్తో తీస్తే ఇసుక మొత్తం వస్తుంది. నంబరు పెట్టమంటారా?

జెట్టింగ్_అన్న | జూన్ 11, ఉదయం 8:02

వద్దు. దయచేసి ఆ నంబరు ఇక్కడ పెట్టవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు.

మా బస్తీలో ఒకాయన అలాగే దిగాడు. ఆయన్ను తీయడానికి ఆయన తమ్ముడు దిగాడు. ఇద్దరూ రాలేదు. ఆ మ్యాన్‌హోల్ లోతు ఎనిమిది అడుగులే. నేను ఈ బండి ఎక్కింది ఆ తర్వాతే.

కెమిస్ట్రీ_టీచర్ | జూన్ 11, సాయంత్రం 5:15

ఆ అన్న చెప్పినది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఎనిమిది అడుగుల లోతులో మనిషి ఎందుకు చనిపోతాడో మా పిల్లలకు ప్రతి ఏడాదీ చెబుతాను.

నిలబడిన సిల్ట్‌లో గాలి ఉండదు. గాలి లేని చోట బతికే బ్యాక్టీరియా నీళ్లలోని సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది, అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. గాలికంటే బరువైనది, గుంతలోనే నిలిచి ఉంటుంది. బురదలో బుడగలుగా చిక్కుకుని ఉంటుంది, పారతో కదపగానే ఒక్కసారిగా బయటపడుతుంది. మోతాదు తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన. గాలిలో పది లక్షల భాగాలకు సుమారు వంద భాగాలు దాటితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా, ఇక ఫర్వాలేదు అనుకుని దిగుతారు. మోతాదు ఇంకా పెరిగితే ఒకటి రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు.

అదే వాయువు పైపును కూడా తినేస్తుంది. పైకి లేచి, పైపు లోపలి పైకప్పు మీది తడిలో కరుగుతుంది. అక్కడ వేరే బ్యాక్టీరియా దాన్ని గంధకామ్లంగా మారుస్తుంది. సిమెంటు పైపు పైభాగం సుద్దలా మెత్తబడి రాలుతుంది. నీళ్లు తగిలే అడుగు బాగుంటుంది, నీళ్లు తగలని నెత్తి పోతుంది. పాతకాలం స్టోన్‌వేర్, అంటే కాల్చిన మట్టి పైపులకు ఆ బాధ లేదు, ఆమ్లం వాటిని ఏమీ చేయలేదు.

మనుషుల చేత ఇలా చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ డబ్బుతో ఆ తమ్ముడు తిరిగి రాడు కదా అన్నా.

కాప్రా_నుంచి | జూన్ 11, రాత్రి 9:10

నాకు ఇంత తెలియదు. నంబరు డిలీట్ చేశాను. వాళ్లిద్దరితో కూడా మాట్లాడతాను. అన్నా, జెట్టింగ్ బండి మీద పనికి మనుషులు కావాలంటే చెప్పండి, వాళ్లకు వేరే పని లేదు.

జెట్టింగ్_అన్న | జూన్ 11, రాత్రి 9:25

పంపండి. హెల్పర్‌గా పెట్టుకోమని మా ఓనరును నేను అడుగుతాను. హైదరాబాద్‌లో 2017 నుంచి సన్న గల్లీల్లోకి పోయే మినీ బండ్లు కూడా తిరుగుతున్నాయి. బండి పోలేదు, అందుకే మనిషిని దింపాం అని చెప్పే రోజులు పోయాయి.

ఎంటెక్_ఉప్పల్ | జూన్ 12, రాత్రి 11:45

నా ప్రాజెక్టు ఈ విషయం మీదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

సిల్ట్ అంతా ఒకటే రకం కాదు. 1989లో బ్రిటన్‌లో క్రాబ్‌ట్రీ అనే ఆయన సీవరు పూడికను ఐదు రకాలుగా విడగొట్టారు. అడుగున పేరుకునే ముతక ఇసుక, కంకర ఒకటి. అదే ఇసుక నూనెతో, సిమెంటుతో, తారుతో గట్టిపడితే రెండోది. ముతక ఇసుక మీద నీళ్లు నెమ్మదించిన చోట తేలిగ్గా పడే మెత్తటి బురద మూడోది. నీటి మట్టం దగ్గర గోడకు పట్టే జిగురు నాలుగోది. తొట్ల లాంటి చోట్ల చేరే సన్నటి మడ్డి ఐదోది. రామంతాపూర్ అక్క చెప్పింది ఒకటో రకం మీద మూడో రకం. రోబో శాండ్ గురించి మేస్త్రీ గారు చెప్పింది రెండోది.

రకాన్ని బట్టి దాన్ని కదిపే బలం మారుతుంది. నీళ్లు పైపు అడుగును రాసుకుంటూ పోయేటప్పుడు ఇసుకను ముందుకు లాగుతాయి. ఆ లాగుడు ఒక హద్దు దాటితేనే రేణువు కదులుతుంది. 1936లో షీల్డ్స్ అనే ఇంజినీరు ఇసుకతో ప్రయోగాలు చేసి ఆ హద్దును లెక్కగట్టారు. విడి ఇసుక తక్కువ బలానికే కదులుతుంది. అదే ఇసుక రెండు మూడు వారాలు కదలకుండా పడి ఉంటే, బురద, నూనె కలిసి అతుక్కుంటుంది. అప్పుడు దాన్ని లేపడానికి మొదటి రోజుకంటే చాలా ఎక్కువ బలం కావాలి. అందుకే పూడిక పడ్డ కొత్తలోనే కదిపితే సులువు.

లైను పైభాగంలో నీళ్లు ఆపి ఒక్కసారి వదిలే పద్ధతి దీనికోసమే. ప్యారిస్‌లో సేన్ నది కిందికి దిగి అవతల మళ్లీ పైకి లేచే మురుగు పైపును (సైఫన్) శుభ్రం చేయడానికి పైపు కంటే కాస్త చిన్నదైన చెక్క బంతిని వదిలేవారు. బంతికీ పైపుకూ మధ్య మిగిలిన ఇరుకు సందులో నుంచి నీళ్లు దూసుకుపోయి అడుగున ఉన్న ఇసుకను కోసుకుంటూ పోతాయి. బంతి తనే కదులుతూ మొత్తం శుభ్రం చేస్తుంది. మనిషి దిగాల్సిన పని లేదు. ఈ ఆలోచన నాకు చాలా ఇష్టం.

వానాకాలం సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర వాన నీటికి, మురుగుకు లైన్లు వేరే. కానీ రోడ్డు మీద నీళ్లు నిలబడితే జనం మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తారు. అప్పుడు నెలల తరబడి పేరుకున్న పూడికంతా ఒక్క గంటలో కోసుకుని కిందికి పోతుంది, కొత్తగా రోడ్డు మొరం, ఇసుక లోపలికి దిగుతాయి. వాన తగ్గగానే ఆ మొరం మొత్తం ఎక్కడ వాలు తక్కువో అక్కడ పడుతుంది.

బంజారాహిల్స్_పైన | జూన్ 13, ఉదయం 10:20

మాది దీనికి పూర్తిగా ఎదురు సమస్య. గుట్ట మీద ఉన్నాం. వాలు ఎక్కువై మా లైనులో నీళ్లు జలపాతంలా దూకుతాయి. ఇసుక పడే ప్రశ్నే లేదు, పైపు అడుగే అరిగిపోయింది. కిందటేడు మా రోడ్డులో మనిషి పట్టేంత గుంత పడింది. పైన తారు బాగానే ఉంది, కింద మట్టి లేదు. పైపు కీలు దగ్గర పగులు ఉందట. వాన పడ్డప్పుడల్లా చుట్టూ ఉన్న మట్టి ఆ పగులు గుండా కొంచెం కొంచెం లోపలికి జారి, కొన్నేళ్లకు రోడ్డు కింద గుహ అయ్యింది. ఆ మట్టంతా ఎటు పోయింది? గుట్ట దిగాక చదునుగా ఉన్న గల్లీలకు పోయింది. కిందివాళ్లు మా పేరు చెప్పి బాధపడుతుంటే ఇప్పుడు అర్థమవుతోంది.

రిటైర్డ్_ఏఈ | జూన్ 13, రాత్రి 8:30

మీరు చెప్పింది చాలా ముఖ్యం. ఒక లైనులో కోత, ఇంకో లైనులో పూడిక. కింద పడే మట్టి పైన కొట్టుకుపోయిన మట్టే. గుట్ట మీద డ్రాప్ మ్యాన్‌హోళ్లు కట్టేది ఇందుకే. నీటిని మెట్టు మెట్టుగా దించి, మధ్యలో పైపును తగినంత వాలుతోనే వేస్తారు.

హైదరాబాద్‌కు ఒక వరం ఉంది. నేల రెండు వైపుల నుంచీ మూసీ వైపు దిగుతుంది. 1908 సెప్టెంబరు వరద తర్వాత నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు రిజర్వాయర్లతో పాటు భూగర్భ డ్రైనేజీ కూడా కావాలని చెప్పారు. నది ఒడ్డుల వెంట పెద్ద లైన్లు వేసి అంబర్‌పేట వైపు తీసుకుపోవడం ఆ నేల తీరుకు తగ్గ పని. మురుగు శుద్ధి చేసే పెద్ద ప్లాంటు అంబర్‌పేటలోనే ఉంది. నీటిని అక్కడికి చేర్చేది పంపు కంటే ముందు వాలే. కానీ ఇదే నేల కింద గ్రానైటు బండ కూడా ఉంది. అది శాపం. రామంతాపూర్ అమ్మ లెవెల్స్ కోసం నేను ఎదురుచూస్తున్నది అందుకే.

సైనిక్‌పురి_అమ్మమ్మ | జూన్ 14, ఉదయం 6:50

ఇంజినీర్ల మధ్య నేను మాట్లాడవచ్చో లేదో. మా వాకిట్లో రోజూ ముగ్గు వేస్తాం. మర్నాడు నీళ్లతో కడిగితే ఆ ముగ్గుపిండి అంతా మోరీలోకే. రాతిపొడే కదా అది. ఇంటికి రోజుకు గుప్పెడు అనుకున్నా గల్లీ మొత్తానికి ఏడాదికి ఎంత అవుతుందో. ఈ చర్చ చదివాక చీపురుతో ఊడ్చి తీసేసి అప్పుడు నీళ్లు చల్లుతున్నాను.

వినాయక చవితికి మట్టి గణపతిని ఇంట్లో బకెట్‌లో నిమజ్జనం చేయడం చాలా మంచి పని. కానీ ఆ నీళ్లు తీసుకెళ్లి బాత్రూంలో పోస్తున్నారు. మట్టి అడుగున దిగనిచ్చి మొక్కల మొదట్లో పోయండి నాయనా. స్వామి చెట్టుకు చేరితే బాగుంటుంది గానీ సీవరు పైపులో కూర్చోవడం ఏం బాగుంటుంది.

మలక్‌పేట_టిఫిన్స్ | జూన్ 14, మధ్యాహ్నం 3:10

అమ్మమ్మా, మీ మాట నాకూ తగిలింది. దోసెల పెనం కడిగిన నీళ్లు, వడల నూనె ఇన్నేళ్లుగా నేరుగా వదిలేశాను. నూనెను మోరీలోకి పోకుండా ఆపే గ్రీజు ట్రాప్ కట్టించడానికి మేస్త్రీతో మాట్లాడాను. నూనె వేడిగా పోస్తే కరిగి పోతుందనుకునేవాడిని. చల్లారాక లోపల ఇసుకకు అంటుకుని గడ్డ కడుతుందని ఎంటెక్ తమ్ముడు రాసింది చదివాకే తెలిసింది.

రామంతాపూర్_గల్లీ | జూన్ 16, రాత్రి 9:15

కొలిచాం! నిన్న సిబ్బంది వచ్చారు, సిల్ట్ బండిలోకి తీయించుకున్నాం, రోడ్డు మీద పోయనివ్వలేదు. మేస్త్రీ గారు చెప్పినట్టు లెవెల్ పైపుతో నేను, మా ఆయన, పక్కింటి అబ్బాయి కలిసి చేశాం. మా గేటు గీత నుంచి పైపు అడుగు ఎంత లోతులో ఉందో రాస్తున్నాను. మ్యాన్‌హోళ్ల మధ్య దూరం దాదాపు 28 మీటర్లు.

మొదటిది 110 సెం.మీ., రెండోది 124, మూడోది 137, నాలుగోది 139, ఐదోది 136, ఆరోది 165.

మూడుసార్లు కొలిచాం. ఐదోది నిజంగానే నాలుగో దానికంటే పైకి ఉంది.

రిటైర్డ్_ఏఈ | జూన్ 16, రాత్రి 9:50

అమ్మా, మీ ముగ్గురికీ చేతులెత్తి దండం. మీ సమస్య ఈ ఆరు అంకెల్లో ఉంది.

ఒకటి నుంచి మూడు దాకా వాలు 200కి 1 చుట్టూ ఉంది, చక్కగా ఉంది. మూడు నుంచి నాలుగుకు 28 మీటర్లలో 2 సెంటీమీటర్లే దిగింది. అంటే 1400కి 1. మీ 2.4 లీటర్లు అక్కడ సెకనుకు 0.23 మీటర్లకు మించి వేగం అందుకోలేవు. నాలుగు నుంచి ఐదుకు ఏకంగా 3 సెంటీమీటర్ల ఎదురు వాలు. ఐదో దాన్ని ఎక్కి దాటాలంటే నాలుగో దాంట్లో నీళ్లు ముందు 3 సెంటీమీటర్లు నిలబడాలి. మూడోది నాలుగో దానికంటే 2 సెంటీమీటర్లే ఎత్తు కాబట్టి ఆ నీళ్లు మూడో దాని దాకా వెనక్కి నిలుస్తాయి. మొత్తం 56 మీటర్ల పైపు రాత్రీ పగలూ చెరువులా ఉంటుంది. పైనుంచి పరిగెత్తుకొచ్చిన ఇసుక ఆ చెరువులో దిగుతుంది. జెట్టింగ్ చేసిన ప్రతిసారీ చెరువును ఖాళీ చేస్తున్నారు, గుంత మాత్రం అక్కడే ఉంటుంది.

మణికొండ_మేస్త్రీ | జూన్ 16, రాత్రి 10:10

నాలుగుకీ ఐదుకీ మధ్య బండ తగిలి ఉంటుందమ్మా. పగలగొట్టడానికి ఖర్చు అవుతుందని పైపును దాని మీదుగా ఎక్కించేశారు. పాత పైపు రోడ్డుకు అవతలి పక్క నుంచి పోయింది అన్నారు కదా, పెద్దవాళ్లకు ఆ బండ సంగతి తెలిసే అటు వేశారు.

రామంతాపూర్_గల్లీ | జులై 7, రాత్రి 8:20

మేస్త్రీ గారూ, కెమెరా పెట్టించాం. అచ్చంగా మీరు చెప్పిందే. పైపు మధ్యలో గుర్రం వీపులా లేచింది. కెమెరా సగం దూరం నీళ్లలోనే పోయింది. సంఘంలో 450 మాట మళ్లీ ఎత్తలేదు. సార్ రాసినది మీటింగులో చదివి వినిపించాను.

ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, 200 మి.మీ. పైపు వేయమంటారా?

రిటైర్డ్_ఏఈ | జులై 7, రాత్రి 9:05

వద్దు. పైనుంచి 300 వస్తున్నప్పుడు కింద దానికంటే చిన్నది వేయకూడదు, పెద్ద వస్తువు వచ్చి సన్నపైపు మూతి దగ్గర ఇరుక్కుంటుంది. అదే 300 ఉంచండి. మూడు నుంచి ఆరు దాకా 84 మీటర్లలో 28 సెంటీమీటర్ల దిగుడు ఉంది. బండ పగలగొట్టి సమంగా పంచితే 300కి 1 వస్తుంది. వేగం 0.23 నుంచి 0.4 దగ్గరికి చేరుతుంది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది కూడా 0.6 కాదు. నీళ్లు తక్కువ కాబట్టి మీ లైనుకు సాయం కావాలి. ఒకటి, ఇసుకను లోపలికి రానివ్వకపోవడం. రెండు, మీ అపార్టుమెంట్లలో సంపులు కడిగే రోజు నీళ్లు ధారగా వదలకుండా, సిబ్బంది సమక్షంలో మొదటి మ్యాన్‌హోల్‌లోకి ఒక్కసారిగా వదలండి. ఎంటెక్ అబ్బాయి చెప్పినట్టు కొత్త పూడిక సులువుగా లేస్తుంది.

రామంతాపూర్_గల్లీ | సెప్టెంబరు 21, సాయంత్రం 6:30

ఆగస్టులో పని అయ్యింది. బండ పగలగొట్టడానికే నాలుగు రోజులు పట్టింది. పైపు మట్టిలో పడకముందే ప్రతి ముక్కకూ లెవెల్ పైపుతో మేమే చూసుకున్నాం. కాంట్రాక్టరు విసుక్కున్నాడు, అయినా వదల్లేదు. గల్లీ చివర కట్టే అపార్టుమెంటు వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడితే ఇసుకను లైనులోకి రాకముందే ఆపే సిల్ట్ ఛాంబర్ కట్టారు.

ఇన్ని వానలు పడ్డాయి, నాలుగో మ్యాన్‌హోల్ పొంగలేదు. మొన్న సిబ్బంది వచ్చినప్పుడు పైనుంచి కర్ర దించి చూశాం, అడుగు శుభ్రంగా ఉంది. కానీ ఆరో దాంట్లో నాలుగు వేళ్ల మందాన ఇసుక కనిపించింది. పోయిన నెల లేదు. మళ్లీ మొదలవుతుందేమోనని భయంగా ఉంది.

జెట్టింగ్_అన్న | సెప్టెంబరు 21, రాత్రి 7:45

బూడిద రంగు ఇసుకేనా అక్కా? అయితే ముందు ఆ అపార్టుమెంటు సిల్ట్ ఛాంబర్ మూత తీయించి చూడండి. కట్టాక ఎవరూ తీసి ఉండరు. నిండిపోతే ఛాంబర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

రామంతాపూర్_గల్లీ | సెప్టెంబరు 22, ఉదయం 9:10

ఇప్పుడే చూసి వచ్చాను. అంచు దాకా నిండి ఉంది. సూపర్‌వైజర్‌తో మాట్లాడాను, ఈ మధ్యాహ్నం తీస్తానన్నాడు. తీసేదాకా అక్కడే ఉంటాను.